లక్షకు ఎందరు? దక్షిణ ఒడిశాలో మెదడు అనూరిజం చిట్లే రేటు

(బరంపురంలో తెలుగు శ్రోతల ఎదుట సామాజిక వైద్య విభాగానికి చెందిన ఒక వైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

నిర్వాహకులు నాకు ఇచ్చిన అంశం ఒక ప్రశ్న రూపంలో ఉంది. గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో ఏడాదికి ఎంతమందికి మెదడులో అనూరిజం చిట్లుతోంది? ఒక్క అంకె చెప్పి కూర్చుంటే సభ సులువుగా ముగిసిపోయేది. కానీ "మన వైపు ఈ జబ్బు తక్కువండీ" అని ఊళ్ళో పెద్దలు, వారితోపాటు కొందరు వైద్యులు కూడా, ధీమాగా అనే మాట ఒకటి ఉంది. ఆ మాటకు ఆధారం మన రిజిస్టర్లలో మిగిలిపోయిన ఖాళీలే తప్ప మన రక్తనాళాల్లోని విశేషమేదీ కాదని నేను నమ్ముతున్నాను. అందుచేత ఈ సాయంత్రం అంకె కన్నా, ఆ అంకె ఎలా పుడుతుంది, మన దగ్గర ఎక్కడ జారిపోతోంది అన్న సంగతే ఎక్కువగా మాట్లాడతాను.

మెదడు అడుగున ప్రధాన ధమనులు ఒక వలయంగా కలుస్తాయి. ఆ వలయంలోనూ, దాని నుంచి కొమ్మలు చీలే చోట్లలోనూ ధమని గోడ బలహీనపడితే, పాతబడిన సైకిలు ట్యూబు ఒక పక్క ఉబ్బినట్టు, అక్కడ చిన్న తిత్తి ఏర్పడుతుంది. దాన్నే అనూరిజం అంటాం. చాలామందిలో అది కొన్ని మిల్లీమీటర్ల పరిమాణం దాటదు, ఏ బాధా పెట్టదు. ఆ మనిషి దానితోనే ముసలితనం దాకా బతికి మరో కారణంతో కన్నుమూస్తాడు. చిట్లిందంటే మాత్రం రక్తం మెదడును కప్పిన పొరల మధ్యకు చిమ్ముతుంది. వైద్యులు దీన్ని సబ్‌అరక్నాయిడ్ రక్తస్రావం అంటారు. నేను ఇక్కడ పొరల రక్తస్రావం అంటాను. దెబ్బ తగలకుండా వచ్చే పొరల రక్తస్రావాల్లో సుమారు 85 శాతానికి కారణం అనూరిజమే. రక్తపోటు పెరిగి మెదడు కణజాలం లోపల జరిగే రక్తస్రావం వేరే జబ్బు. ఊళ్ళో రెండింటినీ కలిపి "తలలో నరం తెగిపోయింది" అంటారు, అందులో తప్పు పట్టవలసింది లేదు. కానీ కేసు షీటులో కూడా రెండూ ఒకే స్ట్రోక్ గడిలో పడిపోతే లెక్క మొదట్లోనే చెడుతుంది.

రేటు అన్నప్పుడు రెండు వేర్వేరు లెక్కలు కలగాపులగం అవుతుంటాయి. ఒకటి జనాభా లెక్క: ఒక ప్రాంతంలో నివసించే లక్ష మందిలో ఒక సంవత్సరంలో కొత్తగా ఎందరికి చిట్లింది అన్నది. రెండోది ఉబ్బు ఉన్నవారి లెక్క: తలలో చిట్లని అనూరిజం ఉన్నట్టు స్కానులో బయటపడిన వందమందిలో ఏడాదికి ఎందరికి చిట్లుతుంది అన్నది. పత్రికల్లో ఈ రెండూ పక్కపక్కనే అచ్చవుతాయి, చదివినవారు ఒకదాన్ని మరొకటిగా తీసుకుని అనవసరంగా భయపడతారు, లేదా అంతే అనవసరంగా నిశ్చింతగా ఉంటారు.

వాటి మధ్య సంబంధాన్ని ఒక చిన్న లెక్కతో చూద్దాం. వివిధ దేశాల అధ్యయనాలను కలిపి 2011లో ప్రచురించిన ఒక సమీక్ష ప్రకారం, పెద్దవారిలో సుమారు 3.2 శాతం మందికి చిట్లని అనూరిజం ఉంటుంది. అంటే లక్షమంది పెద్దవారిలో 3,200 మంది. అదే లక్షమందిలో ఏడాదికి పదిమందికి చిట్లిందనుకుంటే, ఉబ్బు ఉన్న ప్రతి వెయ్యిమందిలో ఏటా ముగ్గురికి చిట్లినట్టు. జపానులో 5,720 మందిని గమనించి 2012లో వెలువరించిన పెద్ద అధ్యయనంలో అనూరిజం చిట్లే రేటు ఏడాదికి 0.95 శాతంగా తేలింది, అంటే వెయ్యికి తొమ్మిది, పది. ఇంత తేడా ఎందుకు? జపాను వారిలో ఈ ముప్పు ఎక్కువని ఇతర అధ్యయనాలు కూడా చూపాయి. దానితోపాటు, ఏదో కారణంతో స్కాను తీయించుకుని వైద్యుల దృష్టికి వచ్చిన ఉబ్బులు, ఎవరి కంటా పడకుండా ఉండిపోయిన ఉబ్బులు ఒకే తీరువి కావు. మరో పక్కన, బాగా ప్రమాదకరంగా కనిపించిన ఉబ్బులకు వైద్యులు ముందే చికిత్స చేసేస్తారు గనుక అవి గమనింపు నుంచి తప్పుకుంటాయి, దానివల్ల రేటు ఉన్నదానికన్నా తక్కువగా కూడా కనిపించవచ్చు. రోగిని కూర్చోబెట్టి అతని ముప్పును వివరించే వైద్యుడికి రెండో లెక్క కావాలి. ఒక జిల్లాకు ఎన్ని పడకలు, ఎందరు శస్త్రవైద్యులు కావాలో నిర్ణయించే అధికారికి మొదటిది కావాలి. నా ప్రసంగం మొదటి లెక్క గురించి.

రెండో లెక్కను వదిలే ముందు ఒక్క సంగతి. 2003లో వెలువడిన అంతర్జాతీయ అధ్యయనంలో, అంతకుముందు రక్తస్రావం జరగనివారిలో మెదడు ముందుభాగపు ధమనుల మీద ఏడు మిల్లీమీటర్ల లోపు ఉన్న ఉబ్బులు అయిదేళ్ళలో ఒక్కటీ చిట్లలేదు. 25 మిల్లీమీటర్లు, ఆపైన ఉన్నవి 40 శాతం చిట్లాయి. అదే వెనుకభాగపు ధమనుల మీదైతే చిన్నవి కూడా 2.5 శాతం, పెద్దవి 50 శాతం. స్కాను రిపోర్టులో "అనూరిజం" అన్న మాట చూసి హడలిపోయేవారు దాని పరిమాణం, ఉన్న చోటు కూడా అడగాలి.

ఇక ప్రపంచపు అంకెలు. 2007లో వచ్చిన సమీక్షలో పొరల రక్తస్రావం లక్షకు ఏడాదికి సుమారు 9గా లెక్కతేలింది, జపానులో 22.7, ఫిన్లాండులో 19.7, దక్షిణ, మధ్య అమెరికా దేశాల్లో 4.2. 2019లో మరింత విస్తారంగా చేసిన సమీక్షలో ప్రపంచ సగటు 7.9. ఆ సమీక్షలోనే నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచిన విషయం ఉంది: 1980లో 10.2గా ఉన్న రేటు 2010 నాటికి 6.1కి దిగింది. రక్తపోటు పై అంకె సగటున ఒక్క మిల్లీమీటరు తగ్గిన చోట ఈ రక్తస్రావాలు సుమారు 7 శాతం తగ్గాయనీ, పొగతాగేవారి సంఖ్య ఒక శాతం తగ్గిన చోట 2.4 శాతం తగ్గాయనీ ఆ రచయితలు గుర్తించారు. అనూరిజాన్ని విధి రాతగా చూసేవారు ఈ రెండు అంకెలను కాస్త తీరిగ్గా చూడాలి. ముప్ఫై ఏళ్ళలో జనాల రక్తనాళాలు పుట్టుకతో మారిపోవు. మారింది రక్తపోటు, పొగ.

ఫిన్లాండు సంగతి మనకు ఇంకో పాఠం. చాలా కాలం ఆ దేశాన్ని ఈ జబ్బుకు పుట్టిల్లుగా చెప్పుకొన్నారు. దేశం మొత్తం రిజిస్టర్లు తీసి, 1998 నుంచి 2012 వరకు నమోదైన 6,885 మందిని లెక్కించినప్పుడు రేటు మొదట్లో లక్షకు 11.7, చివర్లో 8.9 అని తేలింది. పాత ప్రచారంలో చెప్పినంత ఎక్కువేమీ కాదు. పైగా అక్కడ హఠాత్తుగా, కారణం తెలియకుండా పోయినవారికి చట్టప్రకారం శవపరీక్ష జరుగుతుంది కాబట్టి, ఆసుపత్రి గడప తొక్కకుండానే చనిపోయినవారు కూడా ఆ లెక్కలోకి వచ్చారు. చనిపోయినవారిని లెక్కించే దేశంలో రేటు ఎక్కువగానూ, లెక్కించని దేశంలో తక్కువగానూ కనిపించడంలో ఆశ్చర్యం లేదు.

ఇప్పుడు మన దగ్గరకు వద్దాం. 2011 జనాభా లెక్కల్లో గంజాంలో 35 లక్షల 29 వేలు, కోరాపుట్‌లో 13 లక్షల 80 వేలు, రాయగడలో 9 లక్షల 68 వేలు, గజపతిలో 5 లక్షల 78 వేలు మంది; నాలుగూ కలిపితే సుమారు 64 లక్షల 55 వేలు. ప్రపంచ సగటు 7.9 ఇక్కడా వర్తిస్తే ఏడాదికి అయిదువందల పైచిలుకు చిట్లడాలు జరగాలి, అంటే రోజుకు ఒకటి మించి. దక్షిణ అమెరికా రేటు వర్తిస్తే 270 దాకా. ఇది మన జిల్లాల అంచనా అని దయచేసి రాసుకోవద్దు. మన రిజిస్టర్లలో కనబడే సంఖ్యను పక్కన పెట్టి పోల్చుకోవడానికి ఒక కొలబద్ద మాత్రమే. ఇంకొక జాగ్రత్త కూడా ఉంది. ఈ రక్తస్రావం ఎక్కువగా యాభై ఏళ్ళ ప్రాంతంలోనూ ఆపైనా వస్తుంది, ఆ వయసు దాటాక ఆడవారిలో మగవారికన్నా ఎక్కువ. ముసలివారు ఎక్కువగా ఉన్న జపానుతో, పిల్లలు, యువకులు ఎక్కువగా ఉన్న రాయగడను నేరుగా పోల్చకూడదు. వయసుల వారీగా విడగొట్టి, ఒకే ప్రామాణిక జనాభాకు సర్ది చూస్తేనే ఆ పోలికకు అర్థం ఉంటుంది. అలా సర్దితే మన ముడి రేటు కొంత పెరుగుతుంది కూడా.

అయితే ఆ అయిదువందల మందో, మూడువందల మందో ఎక్కడ ఉన్నారు? ఇక్కడ కాస్త నిలబడి చూడాలి.

అంబులెన్సు నిమిషాల్లో వచ్చే దేశాల్లో కూడా, అనూరిజం చిట్లినవారిలో పదిమందిలో ఒకరో, అంతకు కాస్త ఎక్కువమందో ఆసుపత్రికి చేరకుండానే పోతారు. గజపతి కొండల మీద, రోడ్డు దిగి నడిచి వెళ్ళవలసిన ఊళ్ళల్లో ఆ నిష్పత్తి అంతకన్నా తక్కువ ఉంటుందని ఎవరూ అనలేరు. ఆ మరణం పంచాయతీలో నమోదైనా, కారణం గడిలో ఏం రాస్తారు? 2020లో దేశం మొత్తం మీద నమోదైన మరణాల్లో వైద్యుడు కారణం ధ్రువీకరించినవి 22.5 శాతమే. మిగిలిన మరణాలకు కారణం ఇంట్లోవారు చెప్పిన మాటే. "పొద్దున బాగానే ఉన్నాడు, స్నానానికి వెళ్ళి పడిపోయాడు" అంటే గుండెపోటు అని రాసుకుంటారు. అందులో కొన్ని నిజంగా గుండెపోట్లే. కొన్ని కావు.

చేరినవారి సంగతి చూస్తే, 2004లో అమెరికాలో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, పెద్ద ఆసుపత్రికి చివరికి చేరిన రోగుల్లోనే 12 శాతం మందికి మొదటిసారి వైద్యుడు వేరే జబ్బు పేరు చెప్పి పంపించాడని తేలింది. మైగ్రేన్ అనో, సైనస్ అనో. మన జిల్లాల్లో వేరే పేర్లు సిద్ధంగా ఉంటాయి. మే నెలలో పొలంలో స్పృహ తప్పితే వడదెబ్బ. కోరాపుట్, రాయగడల్లో స్పృహ తప్పి, కాస్త ఒళ్ళు వెచ్చబడితే మెదడుకు ఎక్కిన మలేరియా; ఆ ప్రాంతపు వైద్యుడికి మొదట అదే తట్టడం సహజం, తట్టాలి కూడా, కానీ పొరల రక్తస్రావంలోనూ జ్వరం రావచ్చన్నది మరవకూడదు. మెడ బిగుసుకుంటే మెదడు పొరల వాపు. వాంతులైతే గ్యాస్. మోటారు సైకిలు మీద వెళుతూ ఉండగానే చిట్లి, పడిపోయి, తలకు దెబ్బ తగిలినవాడు పోలీసు కేసు కింద ప్రమాదంగా నమోదవుతాడు. స్కానులో కనిపించే రక్తం దెబ్బ వల్ల వచ్చినదా, దెబ్బకు కారణమైనదా అని ఆ హడావుడిలో అడిగేవారు ఉండరు.

స్కాను కూడా సమయం మీద ఆధారపడుతుంది. తలనొప్పి మొదలైన ఆరు గంటల్లోపు మంచి యంత్రం మీద సిటీ స్కాను తీసి, అనుభవమున్నవారు చూస్తే, పొరల రక్తస్రావం దాదాపుగా తప్పిపోదు. రోజులు గడిచేకొద్దీ రక్తం కరిగి, స్కాను మామూలుగా కనిపించడం మొదలవుతుంది. అప్పుడు నడుము దగ్గర సూది గుచ్చి వెన్నుద్రవం తీసి చూడవలసి ఉంటుంది. మన వైపు తలనొప్పి వచ్చిన నాలుగో రోజున, అయిదో రోజున స్కానుకు వచ్చి, "నార్మల్" అని కాగితం పట్టుకుని తిరిగి వెళ్ళేవారు ఉన్నారు. వారు ఎవరి లెక్కలోనూ లేరు. రెండోసారి చిట్లినప్పుడు వస్తారు, వస్తే.

ఆ తర్వాత సరిహద్దు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడే దాకా గంజాం, కోరాపుట్ ప్రాంతాలు మద్రాసు ప్రెసిడెన్సీలోనివి; పెద్ద జబ్బు చేస్తే దక్షిణానికి వెళ్ళడమే అలవాటు. 1962లో ఇక్కడ బరంపురంలో వైద్య కళాశాల వచ్చింది, 2017లో కోరాపుట్‌లోనూ వచ్చింది. అయినా గుణుపురం, పర్లాకిమిడి, రాయగడల్లోని మన తెలుగు కుటుంబాలకు చుట్టరికాలు శ్రీకాకుళం, విజయనగరం వైపు ఉన్నాయి. ఆపదలో కాళ్ళు అటే పడతాయి, భాష కూడా అటే కలుస్తుంది. ఈ పక్కన అడుగుపెడితే ఇచ్ఛాపురం, రైలెక్కితే విశాఖ.

ఒక కేసు కాగితం ఎలా ఉంటుందో చెబుతాను. ఎవరి పేరూ చెప్పను, ఇలాంటివి వైద్యులందరూ చూసే ఉంటారు. చిన్న ఆసుపత్రి రిఫరల్ చీటీ. వయసు గడిలో "50 సుమారు". ఫిర్యాదు గడిలో తలనొప్పి, వాంతులు, స్పృహ లేదు. జబ్బు గడిలో "స్ట్రోక్?" అని ప్రశ్నార్థకం. కింద "పెద్ద ఆసుపత్రికి పంపడమైనది". పెద్ద ఆసుపత్రి ఏదో రాసి ఉండదు. వెంట వచ్చిన తమ్ముడు ఇలా చెబుతాడు: "మా అప్ప నూతికాడ నీళ్ళు తోడతా ఉంది బాబూ. ఒక్కసారే తల పగిలిపోతంది తల పగిలిపోతంది అని అరిసినాది, అక్కడే కూలబడిపోనాది." జబ్బు నిర్ధారణకు ఇంతకన్నా మంచి వాక్యం వైద్యగ్రంథంలో దొరకదు: క్షణంలో శిఖరానికి చేరిన తలనొప్పి, ఆ వెంటనే స్పృహ పోవడం. ఆ వాక్యం చీటీలోకి ఎక్కలేదు. ఇక అవతలి రాష్ట్రపు ఆసుపత్రిలో చేర్చేటప్పుడు చిరునామా అడిగితే, తమ్ముడు తాను ఉంటున్న పలాస చిరునామా ఇచ్చాడు, ఉత్తరం వస్తే తనకే అందాలి గనుక. ఆవిడ గజపతి జిల్లా మనిషి. కానీ ఆ రోజు నుంచి ఆ చిట్లడం శ్రీకాకుళం జిల్లా లెక్కలో పడింది. ఇటు ఒకటి తగ్గింది, అటు ఒకటి పెరిగింది. రెండు జిల్లాల రేట్లూ తప్పాయి.

గంజాం నుంచి సూరత్ మరమగ్గాల మీదికి వెళ్ళిన వేలమంది సంగతి ఇంకా చిక్కు. జనాభా లెక్కల్లో వారిలో కొందరు ఇక్కడ ఉన్నారు, కొందరు అక్కడ ఉన్నారు. నలభై అయిదేళ్ళ మనిషికి సూరత్‌లో చిట్లితే అది అక్కడి కేసు. ఊరికి తీసుకొస్తూ ఉండగా దారిలో పోతే ఎక్కడిదీ కాదు. భాగించే సంఖ్య ఎంత అన్నదే తేలనప్పుడు, పైన వేసే సంఖ్య గురించి వాదించి లాభం లేదు.

లెక్క తక్కువ కావడానికే కారణాలున్నాయని అనుకోవద్దు. ఎక్కువ కావడానికీ ఉన్నాయి. ఒకే రోగి బరంపురంలో ఒక రాత్రి, కటకంలో రెండు రోజులు, చివరికి విశాఖలో శస్త్రచికిత్స. మూడు రిజిస్టర్లు, ముగ్గురు రోగులు. పేరు ఒకచోట ఒడియాలో, ఒకచోట తెలుగులో, ఒకచోట ఇంగ్లీషులో రాశారు, మూడూ సరిగ్గా కలవవు. వయసు ఒకచోట 48, ఒకచోట 52. పేరుతో పాటు తండ్రి లేదా భర్త పేరు, ఊరు, జబ్బు మొదలైన తేదీ పట్టి చూస్తేనే ముగ్గురూ ఒకరే అని తెలుస్తుంది.

భారతదేశంలో అనూరిజాలు తక్కువన్న అభిప్రాయం కొత్తది కాదు. మద్రాసులో నాడీ శస్త్రవైద్యానికి పునాది వేసిన డాక్టర్ బి. రామమూర్తి 1969లోనే మన దేశంలో ఈ ఉబ్బుల సంఖ్య మీద వ్యాసం ప్రచురించారు. ఆ రోజుల్లో శస్త్రవైద్యుల ముందుకు వచ్చే రోగుల సంఖ్య నిజంగానే పాశ్చాత్య దేశాలకన్నా తక్కువగా ఉండేది. కానీ అప్పటికి సిటీ స్కాను లేదు, ధమనుల్లోకి రంగు ఎక్కించి తీసే ఎక్స్‌రే కొన్ని నగరాల్లోనే ఉండేది, పల్లెలో చిట్లినవారు పల్లెలోనే పోయేవారు. తర్వాత వాయవ్య భారతంలో వెయ్యి మెదళ్ళను శవపరీక్షలో చూసి 2003లో ప్రచురించిన అధ్యయనంలో సుమారు 1 శాతం మందిలో అనూరిజం కనిపించింది. పాశ్చాత్య శవపరీక్షల్లో ఇది 1 నుంచి 6 శాతం దాకా చెబుతారు. మనది ఆ కింది అంచు దగ్గర ఉందని అనవచ్చు, లేదని మాత్రం అనలేం. స్ట్రోక్ విషయంలో అయితే తిరువనంతపురంలో జనాభా ఆధారంగా రిజిస్టరు పెట్టి లెక్కించినప్పుడు ఏడాదికి లక్షకు సుమారు 135 అని వచ్చింది. పట్టణానికీ పల్లెకూ తేడా ఇంచుమించు లేదు. పల్లెల్లో జబ్బు తక్కువన్న నమ్మకం అక్కడ లెక్క ముందు నిలబడలేదు.

చిన్న సంఖ్యల గురించి వైద్య విద్యార్థులకు ఒక మాట, మిగిలినవారు కూడా వినండి. లక్ష జనాభా ఉన్న ఒక బ్లాకులో ఏడాదికి ఎనిమిది చిట్లడాలు సగటు అనుకుందాం. కేవలం యాదృచ్ఛికంగానే ఒక ఏడాది మూడు రావచ్చు, మరో ఏడాది పధ్నాలుగు రావచ్చు. పధ్నాలుగు వచ్చిన ఏడాది పత్రికవారు వచ్చి నీళ్ళలో ఏముందని అడుగుతారు, మూడు వచ్చిన ఏడాది ఎవరూ రారు. గజపతి జిల్లా మొత్తానికి ఆ రేటుతో ఏడాదికి 46 అనుకుంటే, 33 వచ్చినా 59 వచ్చినా జబ్బు పెరిగిందనో తగ్గిందనో చెప్పడానికి వీల్లేదు. అందుకే ఇలాంటి లెక్క ఒక్క ఏడాదిది తీసి చూపేవారిని నమ్మకండి. నాలుగు జిల్లాలూ కలిపి, కనీసం మూడేళ్ళు చూడాలి.

మన ప్రాంతానికే ప్రత్యేకమైన ఒక విషయం అడగవలసినది ఉంది. శ్రీకాకుళం, గంజాం తీరంలో పెద్దవయసు ఆడవారు చుట్టను నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని తాగడం, అడ్డపొగ, మనలో చాలామంది అమ్మమ్మల్లో చూసినదే. అంగిలి క్యాన్సరు దృష్టితో దీన్ని దశాబ్దాలుగా అధ్యయనం చేశారు. పొగతాగడం అనూరిజం చిట్లే ముప్పును రెండు, మూడు రెట్లు పెంచుతుందన్నది స్థిరపడిన విషయం. యాభై దాటిన ఆడవారిలో ఆ ముప్పు మొదటే ఎక్కువన్నదీ స్థిరపడిన విషయం. ఈ రెండూ ఒకే మనిషిలో కలిసే జిల్లాలు దేశంలో ఎన్నో లేవు. అయినా కేసు షీటులో "పొగ తాగుతారా" అన్న ప్రశ్న ఆడవారిని అడగకుండానే "లేదు" అని రాసేస్తాం. మన జిల్లాల్లో రిజిస్టరు పెట్టేవారు చేయవలసిన మొదటి పని ఆ గడిని అడిగి నింపడం. ఉద్దానం మూత్రపిండాల జబ్బు గురించి కూడా నన్ను తరచుగా అడుగుతారు. మూత్రపిండాల నిండా నీటి తిత్తులు ఏర్పడే వంశపారంపర్య జబ్బుకు అనూరిజంతో గట్టి సంబంధం ఉంది. ఉద్దానం జబ్బు అది కాదు, రెండింటినీ కలపవద్దు.

చికిత్స గురించి క్లుప్తంగా చెప్పి ముందుకు వెళతాను, ఎందుకంటే అది నా రంగం కాదు. 1937లో వాల్టర్ డాండీ తొలిసారి అనూరిజం మెడకు లోహపు క్లిప్పు పెట్టారు. 1990ల నుంచి తొడ దగ్గరి ధమని గుండా సన్నని గొట్టం పంపి ఉబ్బులో ప్లాటినం తీగచుట్టలు నింపడం వచ్చింది. 2,143 మందితో జరిపి 2002లో వెలువరించిన పరీక్షలో, రెండు పద్ధతులకూ తగినవారు అనుకున్న రోగుల్లో, ఏడాది తర్వాత చనిపోయిన లేదా ఇతరుల మీద ఆధారపడిన వారు క్లిప్పు వర్గంలో 30.6 శాతం, తీగచుట్ట వర్గంలో 23.7 శాతం. లెక్కకు సంబంధించినంతవరకు ముఖ్యమైన సంగతి వేరు: మొదటి రక్తస్రావం తర్వాత తిరిగి చిట్లే ప్రమాదం మొదటి రోజునే అన్నిటికన్నా ఎక్కువ. అంటే బరంపురం నుంచి ఇచ్ఛాపురం దాటి విశాఖ వెళ్ళే సుమారు 270 కిలోమీటర్ల దారిలోనే కొందరు లెక్కలోంచి తప్పుకుంటారు.

మరి రిజిస్టరు ఎలా పెట్టాలి? ప్రపంచ ఆరోగ్య సంస్థ స్ట్రోక్ నమోదుకు మూడు మెట్లు సూచించింది: ఆసుపత్రిలో చేరినవారు, ఆసుపత్రికి రాకుండా చనిపోయినవారు, ఆసుపత్రికి రాకుండా బతికినవారు. మొదటి మెట్టుకు మన దగ్గర కావలసినది కొత్త యంత్రం కాదు. సిటీ స్కాను గదుల్లో రోజూ రాసే పుస్తకాలు, సరిహద్దుకు రెండు వైపులవీ, ఒకచోట చేర్చాలి; చిరునామా గడిని రెండుగా విడగొట్టి, "రోగి గత ఆరు నెలలుగా ఎక్కడ నివసిస్తున్నారు", "వెంట వచ్చినవారి చిరునామా" అని వేరువేరుగా రాయాలి. జబ్బుకు అంతర్జాతీయ సంకేతం ఐ-60 వేయాలి, మొత్తం స్ట్రోక్ గంపలో పడేయకూడదు. రెండో మెట్టు ఆశా కార్యకర్తలు లేకుండా జరగదు. ఊళ్ళో హఠాత్తుగా పోయిన పెద్దవారి ఇంటికి వెళ్ళి, కర్మ అయ్యాక, తీరిగ్గా కూర్చుని ఏం జరిగిందో వారి మాటల్లోనే రాసుకోవడాన్ని మౌఖిక శవపరీక్ష అంటారు. నూతికాడ కూలబడిన అప్ప సంగతి తమ్ముడు చెప్పిన వాక్యం ఆ కాగితంలోకి ఉన్నదున్నట్టు ఎక్కాలి; ఒడియాలో చెబితే ఒడియాలో, సవర భాషలో చెబితే సవరలో, తెలుగులో చెబితే తెలుగులో. కార్యకర్త దాన్ని "గుండెపోటు" అని సంక్షిప్తం చేయకుండా ఉంటే చాలు, మిగిలినది వైద్యుల బృందం చూసుకుంటుంది. మూడో మెట్టు కష్టమైనది, మన దగ్గర చిన్నదే అవుతుంది, ఎందుకంటే చికిత్స లేకుండా చిట్లి బతికేవారు కొద్దిమంది.

సభలోంచి ఒక చీటీ వచ్చింది: "ఇంత ప్రమాదమైతే అందరం స్కాను తీయించుకోవాలా?" అక్కర్లేదు. ఇందాకటి లెక్కే చూడండి: ఉబ్బు ఉన్న వెయ్యిమందిలో ఏడాదికి చిట్లేది ముగ్గురికి, అసలు ఉబ్బే లేనివారు నూటికి 97 మంది. అందరికీ స్కాను తీస్తే, ఎన్నటికీ చిట్లని ఉబ్బులు వందలకొద్దీ బయటపడతాయి, వాటికి చేసే చికిత్సలకు కూడా ప్రమాదాలు ఉంటాయి. తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లల్లో ఇద్దరికి గానీ అంతకన్నా ఎక్కువమందికి గానీ అనూరిజం ఉన్న కుటుంబాలవారు, మూత్రపిండాల తిత్తుల జబ్బు ఉన్నవారు, వైద్యుడితో మాట్లాడి ఎం.ఆర్. యాంజియో, అంటే మెదడు ధమనులను చూపే స్కాను, తీయించుకోవాలా అన్నది తేల్చుకోవాలి. మిగిలినవారు నెలకొకసారి రక్తపోటు చూపించుకుని, ఎక్కువగా ఉంటే మందు మానకుండా వేసుకుని, చుట్ట, బీడీ, సిగరెట్టు వదిలితే, ప్రపంచంలో ఈ రేటును నిజంగా దించిన రెండు పనులూ చేసినట్టే.

అదే చీటీ వెనుక మరో ప్రశ్న ఉంది: "మా నాన్నగారు, మా మేనత్త, ఇద్దరూ తలలో నరం తెగే పోయారని ఇంట్లో అంటారు. ఇది ఆ కోవలోకి వస్తుందా?" మీ నాన్నగారు ఒక లెక్క, మేనత్త మరో లెక్క, ఆమె నాన్నగారి తోబుట్టువు, మీకు కాదు, కాబట్టి ఆ నియమం మీకు నేరుగా వర్తించదు. కానీ వారిద్దరూ ఒకే తల్లి బిడ్డలు కదా, ఆ ఇంట్లో మిగిలిన తోబుట్టువులకు అది సరిగ్గా వర్తిస్తుంది, మీ బాబాయిలు, మిగిలిన మేనత్తలు ఉంటే ముందు వారు చూపించుకోవాలి. ఇద్దరూ ఏ వయసులో పోయారు, అప్పుడు ఏ ఊళ్ళో ఉన్నారు, పడిపోయే ముందు తలనొప్పి అన్నారా, ఒకవైపు చెయ్యి కాలు పడిపోయిందా, స్కాను తీశారా, తీస్తే ఆ ఫిల్ము ఇంకా ఇంట్లో ఉందా అన్నవి రాసుకుని రండి. ఫిల్ము ఉంటే ముందు అది చూస్తాం, రక్తం పొరల్లో ఉందా, మెదడు లోపల ఉందా అని.